మార్చి రాసిన అవ్వ పేరు

తిరుపతి పుస్తక ప్రదర్శనలో మా పక్క స్టాలు ఒక పెద్దాయనది. రిటైరైన బడి అయ్యవారు. తడ దగ్గరి తన ఊరి మీద రాసిన ఒకే ఒక్క కథల పుస్తకం ఆయన ముందు దొంతరగా ఉండేది. ఎవరు ఆగినా ముందు పుస్తకం చేతికివ్వరు. "మీది యా ఊరప్పా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకే సగంమంది జారుకునేవారు.

ఒక సాయంత్రం ఆగిన మనిషి ఆయన ఊరి పేరే చెప్పాడు. ఫ్యాక్టరీ కింద పోయిన ఊరు అది. పెద్దాయన లేచి నిలబడ్డారు.

"మా అవ్వ చేని కత ఇందులో ఉండాదంట గదా సార్. చేను మాదనేదానికి కాగితం ముక్క లేదు. ఏదన్నా ఆధారం తెమ్మన్నాడు వకీలు."

కోర్టు కథలను నమ్ముతుందా అని నాకు అనుమానం వచ్చింది.

పెద్దాయన ఆ పేజీ తీసి, దాని మీద చెయ్యి పెట్టారు.

"అవ్వ మీ అవ్వేనప్పా. పేరు మార్చినాను. ఊరి పేరు గూడా మార్చినాను, ఎవురూ నొచ్చుకోకూడదని."

ఆ మనిషి పుస్తకాన్ని మెల్లగా మూసి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

మరునాడు నేను వచ్చేసరికి పెద్దాయన ఒక్కొక్క పుస్తకమే తీసి, అవ్వ పేరు కొట్టేసి పైన అసలు పేరు రాస్తున్నారు.

"ఇట్ల గీకేస్తే ఎవురు కొంటారు సార్?" అన్నాను.

"గీకక ముందు ఎవురు కొన్నారప్పా," అన్నారు తలెత్తకుండా.

అంతలో ఒకామె స్టాలు ముందు ఆగింది. ఆయన ఆమెను ఏ ఊరని అడగలేదు, దిద్దిన పుస్తకం తీసి చేతికిచ్చారు.