తిట్టు చీటీ వెనకవైపు

ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన బాబాయికి ఉన్నది ఒకటే పిచ్చి. ఫోనులో తిట్టు రాసినవాళ్ళు దాన్ని తమ నోటితో పైకి చదవాలి.

ఆ జ్వరాల కాలంలో నాలుగంతస్తుల భవనమంతా తలుపులు మూసుకుని, ఫోనులో నోళ్ళు తెరిచింది. మెట్ల మీద ఎదురైతే తల దించుకుపోయే పెద్దమనుషులు భవనం వాళ్ళ ఫోను గ్రూపులో రెచ్చిపోయేవారు. ఒకరు తుమ్మితే వాళ్ళ ఏడు తరాలనూ ఉతికి ఆరేసేవారు. సిగ్గూ శరమూ ఏ అటక మీద దాచారో తెలియదు.

బాబాయి ఆ తిట్టును చీటీ మీదికి ఎక్కించుకునేవాడు. మూతికి గుడ్డ కట్టుకుని, తిట్టినవాళ్ళ గుమ్మానికి ఆరడుగుల దూరంలో నిలబడి, పాత బస్సు గంట ఒకసారి మోగించేవాడు. కర్ర చివర గుచ్చిన చీటీ చాపి, చదివి పెట్టమనేవాడు. వాళ్ళు నీళ్ళు నమిలి, ఇంకెప్పుడూ రాయం అన్నాకే "రైట్ రైట్" అని కదిలేవాడు.

పిన్నికి ఒళ్ళు మండిపోయేది. ఈ వయసులో ఇల్లిల్లూ తిరిగి ఆ రోగం అంటించుకుంటే ఎవరు చూస్తారని దెబ్బలాడేది.

"టికెట్టు లేనివాణ్ణి ఎప్పుడైనా వదిలానుటే?" అనేవాడాయన.

ఆ వారమే రెండో అంతస్తు ఇనుప సామాన్ల వర్తకుడు, జ్వరాల వార్డులో పనిచేసే నర్సమ్మాయి మీద పడ్డాడు. ఆ రోగాల పుట్ట ఆదివారంలోగా ఖాళీ చెయ్యకపోతే సామాను మెట్ల మీదికి విసిరేస్తానని రాశాడు. పదకొండుమంది బొటనవేళ్ళు ఎత్తి సరే అన్నారు. ఆ పిల్ల పెట్టె సర్దుకుంటోందని విని పిన్ని అగ్గిమీద గుగ్గిలమైంది. ఫోను లాక్కుని తనకు వచ్చిన తిట్లన్నీ వర్తకుడి మీద రాసిపారేసింది.

బాబాయి వర్తకుడి గుమ్మంలో గంట కొట్టాడు. చీటీ చూడగానే వర్తకుడు తలుపు మూసెయ్యబోయాడు. లోపల మంచంలో ఉన్న వాళ్ళమ్మ పిలిచింది.

"ఏం రాశావురా? నాకూ వినపడేలా చదువు."

చదవలేదు. కళ్ళజోడు దొరకలేదంటూ చీటీ మళ్ళీ కర్రకే గుచ్చేశాడు.

ఆ రాత్రి బాబాయి స్నానానికి వెళ్ళగానే పిన్ని ఆత్రం ఆగక చీటీల కట్ట విప్పింది. ముందువైపు తిట్లు. వెనకవైపు బాబాయి గుండ్రటి రాతలో, ఆ గుమ్మంలో నిలబడి కనిపెట్టిన ఆ ఇంటి అవసరం: 'పసిపిల్లకి పాలపొడి లేదు.' 'ఒంటరి మనిషి, రెండు రోజులుగా వండుకోలేదు.' వర్తకుడి చీటీ వెనక: 'పెద్దావిడ షుగరు మాత్రలు రేపటితో ఆఖరు. నర్సమ్మాయికి చెప్పాలి.' ప్రతిదాని పక్కనా కండక్టరు కొట్టినట్టే ఒక చిల్లు, అందిందని గుర్తు.

ఆ మాత్రలు నర్సమ్మాయే తెచ్చి వర్తకుడి గుమ్మంలో పెట్టిందట. మర్నాడు గ్రూపులో అతని మాట ఒక్కటే వచ్చింది: "సిస్టర్ గారు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. తప్పు నాది." పెట్టె మళ్ళీ మంచం కిందికి చేరింది.

ఆ మాట చదివి పిన్ని కళ్ళు తుడుచుకునేలోపు సొంత గుమ్మంలోనే గంట మోగింది. ఆరడుగుల దూరంలో బాబాయి, కర్ర, చీటీ.

"నువ్వు రాసిందే. కాస్త చదివి పెట్టు."

భవనం మొత్తంలో అక్షరం పొల్లుపోకుండా, నాలుగో అంతస్తు దాకా వినపడేలా చదివింది పిన్ని ఒక్కతే. చదివి, చీటీ తిప్పి చూసింది.

'మోకాళ్ళ నూనె అయిపోయింది. అడగదు.'

పక్కనే చిల్లు.

"రైట్ రైట్" అంది పిన్ని, బాబాయి రెండో చేతిలోని నూనె సీసా కోసం చెయ్యి చాపుతూ.