స్టాండు పీకేసిన సైకిలు

మా ఆయన పోస్టుమాన్. ఇరవై తొమ్మిదేళ్లుగా సైకిలు మీదే ఉద్యోగం. అందుకే నూట యాభై కిలోమీటర్ల సైకిలు యాత్రకు పేరిచ్చి వచ్చిన రోజున ఆయన ముఖంలో భయం మచ్చుకైనా లేదు. "రోజూ తొక్కేదేగా, ఇదో లెక్కా?" అన్నారు. నాతో అని ఊరుకుంటే బాగుండేది. తను ఉత్తరాలు పంచే రెండు వందల పన్నెండు ఇళ్లలోనూ అదే మాట చెప్పొచ్చారు.

ఆదివారం పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పది గంటల్లో పూర్తి చెయ్యాలి. వెనకబడ్డవాళ్లను సైకిలుతో సహా ఎక్కించుకోవడానికి ఒక వ్యాను వస్తుంది. ఆ వ్యాను ఎక్కితే, సోమవారం మళ్లీ ఆ గుమ్మాల ముందే తల దించుకుని నిలబడాలి. అదీ మా చిక్కు.

బుధవారం సెలవు పెట్టి ముప్పై కిలోమీటర్ల సాధనకు బయల్దేరారు. నేను స్కూటరు మీద వెనకే వెళ్లాను. బరువు తగ్గాలని సైకిలు స్టాండు ముందురోజే పీకేశారు. వీధి చివరింటి గేటు రాగానే ఆయన కాలు నేల మీద పడింది. మడమతో స్టాండు కోసం వెతికారు. లేదు. నాకేసి చూసి నవ్వి మళ్లీ తొక్కారు. తర్వాతి గేటు దగ్గరా అంతే. ఇళ్లు దాటి పెద్ద రోడ్డెక్కితే కుదురుకుంటారనుకున్నాను. అక్కడ కిలోమీటరు రాయి దగ్గర కూడా ఆగారు! ఒంట్లో సత్తువ లేక కాదు, ఆగకుండా తొక్కడం ఆ కాళ్లకు తెలీదు. ముప్పై కిలోమీటర్లకు నాలుగు గంటలు పట్టింది.

గురువారమూ అదే తంతు. శుక్రవారం సాయంత్రం వరండాలో చెయినుకు నూనె పెడుతూ, "జ్వరమొచ్చిందని చెప్పేద్దామా?" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "రెండు వందల పన్నెండు ఇళ్లకీ తిరిగి నేను చెప్పాలా?"

"మరేం చెయ్యమంటావ్? గుమ్మం కనిపిస్తే కాలు దానంతటదే దిగుతోంది."

ఆ మాటతోనే నాకు తట్టింది. "సంచిలో ఒక్కటే ఉత్తరం ఉంటే, అదీ చివరింటికైతే, మధ్యలో ఆగుతారా?"

"ఎందుకాగుతాను? వాళ్లకేం లేదుగా."

"అయితే నాకో ఉత్తరం రాయండి. ఆదివారం నాలుగింటిలోపు యాత్ర ముగిసే గీత దగ్గర నాకు తెచ్చివ్వండి. ఊరందరికీ పంచారు, పెళ్లయ్యాక నాకొక్కటి తెచ్చారా?"

నాకు మాత్రం రాసేదెవరు? రాయాల్సిన మనిషి ఇంట్లోనే ఉన్నాడు.

శనివారం పొద్దున్నే మోచెయ్యి అడ్డం పెట్టుకుని రాశారు, పరీక్షలో పక్కవాడికి కనపడకుండా రాసినట్టు. అంటించి, నా పేరు రాసి, ప్లాస్టిక్ కవరులో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని బయల్దేరారు. ముప్పై కిలోమీటర్లు, రెండు గంటలకు ఐదు నిమిషాలు తక్కువ. కాలు దించింది ఒక్కసారే, అదీ రైలు గేటు వేసి ఉన్నందుకు.

ఆదివారం మూడింటికే వెళ్లి గీత దగ్గర నిలబడ్డాను. కుర్రకారంతా వచ్చేశారు. మూడున్నర దాటింది. నాలుగవడానికి ఇంకా పదకొండు నిమిషాలుందనగా మలుపులో ఆయన చొక్కా కనిపించింది, దాని వెనక దూరంగా వ్యాను. సిగ్గూ ఎగ్గూ వదిలేసి గొంతు చించుకుని అరిచాను.

గీత దాటాక ఆగారు. మడమ మళ్లీ స్టాండు కోసం వెతికింది. సైకిలును రోడ్డు మీదే వదిలేసి, నా ముందుకొచ్చి కవరు తీశారు. చెయ్యి చాపితే వెనక్కి లాక్కున్నారు.

"ముందు సంతకం పెట్టండమ్మా."

ఆయన చొక్కాకు గుచ్చిన యాత్ర నంబరు కాగితం మీదే పెట్టాను. ఉత్తరంలో ఉన్నది ఒక్క వాక్యం: "ఇది నీ చేతికందిందంటే నేను వ్యాను ఎక్కలేదన్నమాట."

అందరి ముందూ ఏడ్చేశాను, దాచడం దేనికి. వ్యాను మా పక్కనుంచి వెళ్తుంటే ఆయన దానికి చెయ్యూపారు.

సోమవారం ఆయన ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరైంది. ప్రతి గుమ్మం ముందూ ఆగారట, ఉత్తరం ఉన్నా లేకున్నా.