జయపాల్ సాక్ష్యం

ఎర్రగుంట్లలో ముప్పై ఏళ్లు సిమెంటు లారీ తోలిన జయపాల్, ప్రోస్టేటు క్యాన్సరు ఆపరేషనయ్యాక ప్రతి ఆదివారం మెడదాకా చొక్కా గుండీలు పెట్టుకుని చర్చిలో సాక్ష్యం చెబుతాడు: "దేవుడు నన్ను పూర్తిగా బాగుచేసినాడు." "పూర్తిగా" అనేముందు మాత్రం గొంతు సవరించుకుంటాడు. ఇంటికొచ్చి, లోపల ఉక్కగా ఉందంటూ వరండాలో మంచం వాల్చుకుంటాడు. భార్య రాహేలమ్మ పక్కన పడుకుని ఎనిమిది నెలలైంది. ఆపరేషనులో దెబ్బతిన్న నరాలు కోలుకుని మగతనం తిరిగి రావడానికి రెండేళ్లయినా పట్టొచ్చని చెప్పి డాక్టరు మాత్రలు రాశాడు. మొన్న ఆదివారం బైబిలు సంచిలో ఆ మాత్రల అట్ట రాహేలమ్మకు దొరికింది. దాన్ని మంచమ్మీద పెట్టి, "వారం వారం సంఘమంతటికీ చెప్తాండావు. నాకెప్పుడు చెప్తావు?" అంది. జయపాల్ గుండీలు తడుముకున్నాడు. తర్వాత కాళ్లు ముడుచుకుని, మంచమ్మీద ఆమెకు చోటిచ్చి, "మొదటి దినమే నిన్నుగూడా పిల్చుకోని రమ్మన్యాడు డాక్టరు," అన్నాడు.