మైనం పట్టని పికప్

సిగ్గుతో మనిషి ప్రాణం పోయేదే అయితే, మొన్న శ్రావణంలో ఒక శుక్రవారం సాయంత్రం ఐదింటికి శాలిబండలో నా ప్రాణం పోయి ఉండేది. పోలేదు కాబట్టి ఆ ఘనకార్యం మీకు చెబుతున్నాను. మొహమాటం లేకుండా నవ్వుకోండి, మా గల్లీవాళ్ళు ఎలాగూ ముందే నవ్వేశారు.

నేను పదహారేళ్ళు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో బేస్ వాయించాను. చూడడానికి గిటార్ లాగే ఉంటుంది గానీ నాలుగే తీగలు, గొంతు బాగా కింద. అది మోగుతున్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. పెళ్ళివాళ్ళు పాటగాడితో ఫోటో దిగేవాళ్ళు, డ్రమ్ములాయనతో దిగేవాళ్ళు, నన్ను మాత్రం "జెర పక్కకు జరుగు అన్నా" అనేవాళ్ళు. అలా నాలో ఒక నమ్మకం గట్టిపడిపోయింది: నేనెంత మోగించినా నన్నెవరూ వినరు. ఈ నమ్మకాన్ని గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది ఇదే.

మా ఆర్కెస్ట్రా పెద్ద ప్రభాకరన్న. పాటలు పాడేదీ ఆయనే. ఒకరోజు ఆయన కొత్త కీబోర్డు తెచ్చాడు. ఎడమచేత్తో నొక్కితే చాలు, బేస్ కూడా అందులోనే వచ్చేస్తుంది. "సత్తీ, నీకు ఎర్కనే గద," అన్నాడు నా ముఖం చూడకుండా. ఎరుకే. సంచీ భుజాన వేసుకుని ఇంటికి వచ్చేశాను.

ఇల్లంటే రెండో అంతస్తులో ఒక్క గది. పెళ్ళి కాలేదు. గదిలో నేనూ నా బేసూ. బేస్‌ను ఒక్కడే కూర్చుని వాయించుకోవడం ఎలా ఉంటుందంటే, పక్కింట్లో ఎవరో మంచం జరుపుతున్నట్టు ఉంటుంది. రెండు నెలలు అలా మంచాలు జరిపాక, ప్రభాకరన్న దగ్గర గిటార్ వాయించే మనిషి వెళ్ళిపోయాడని తెలిసింది. గిటార్ నేర్చుకుని మళ్ళీ ఆ స్టేజీ ఎక్కాలి, మళ్ళీ నలుగురి మధ్యన నిలబడాలి. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు.

గిటార్లు బాగుచేసే సలీం భాయ్ దుకాణానికి పోయాను. అక్కడ నేను గిటార్‌ను ఎంచిన తీరు చూడాలి. ఒక్కోటీ చేత్తో ఎత్తి చూసి, అన్నింట్లోకీ బరువైనది పక్కన పెట్టాను. మెడ కూడా లావుగా ఉంది, బేస్ పట్టిన చేతికి హాయిగా అనిపించింది.

"గిటార్ తీస్కుంటున్నవా, రోలు తీస్కుంటున్నవా?" అన్నాడు సలీం భాయ్.

తర్వాత పికప్‌లు. తీగల కింద బిగించే చిన్న పెట్టెలు అవి. లోపల అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగితీగ. తీగల కదలికను పట్టుకుని ఆంప్‌కు, అంటే శబ్దం పెంచే పెట్టెకు, అందించేవి అవే. కొత్తవి బోలెడు చూపించాడు. నేను డ్రాయరు మూలన దుమ్ము పట్టిన పాత జత మీద చెయ్యి వేశాను. పాతదంటేనే నాకు గౌరవం.

"గవి వద్దు భాయ్. లోపల రాగితీగ చుట్ట వదులైంది. మైనంల ముంచియ్యాలె. రెండు దినాలు ఆగు."

"మైనం పోస్తె పాత గొంతు పోతది."

"ముంచకుంటె కూత పెడతది. ఇంకో లొల్లి గూడ ఉన్నది, జెర ఇను..."

"పదహారేండ్లు స్టేజీ మీదున్నోన్ని. నాకు చెప్తవా?"

"నీ మర్జీ," అని స్క్రూలు బిగించి చేతిలో పెట్టాడు.

ఇంటికి తెచ్చి ఆంప్‌కు తగిలించగానే గిటార్ నిజంగానే కూత పెట్టింది. దానికి నా తెలివి ఏం చేసిందంటే, పొడుగాటి వైరు తగిలించి ఆంప్‌ను బాల్కనీలో గల్లీ వైపు తిప్పిపెట్టి, తలుపు మూసింది. కూత ఆగింది. శబ్దం మీటను అలవాటు ప్రకారం చివరిదాకా తిప్పాను. డ్రమ్ముల పక్కన నిలబడిన రోజుల నుంచీ ఉన్న ఇంకో అలవాటు ప్రకారం చెవుల్లో దూది కుక్కాను. ఆరు తీగల్లో ఏది ఏదో తెలియక గిటార్ మీదికి ఎంత వంగేవాణ్ణంటే, నా ముక్కు తీగలకు ఆనేది. అలా వంగి రోజూ సాయంత్రం ఓ గంట వాయించేవాణ్ణి. వాయిస్తూ దానితో మాట్లాడేవాణ్ణి. ఇంకెవరితో మాట్లాడాలి?

"పొద్దుగాల్నుంచి నోరు తెర్సింది నీతోనే," అనేవాణ్ణి. "కింది రజియా ఖాలా పంపిన ఖట్టీ దాల్ మంచిగనే ఉన్నది గని, గంత పులుపేంది? ఎట్ల చెప్తం? చెప్తె పంపుడు బంద్ జేస్తది. ఎదురుంగ మల్లేశం కుట్టిన ప్యాంటు సూడు, ఒక కాలు పొడుగు. చెప్తె రేపటిసంది పలకరిస్తడా?"

కొన్నాళ్ళకు వింతలు మొదలయ్యాయి. మల్లేశం తన టైలరు దుకాణం మెట్ల మీద నిలబడి, "అన్నా, ఆ నీలం ప్యాంటు ఓసారి ఇయ్యి, కాలు సరిజేస్త," అన్నాడు. ఖాలా పంపే దాల్‌లో పులుపు తగ్గింది. గల్లీలో ఎవరు ఎదురైనా "తిన్నవా అన్నా?" అని అడగసాగారు. నేనీ గల్లీకి వచ్చిన తొమ్మిదేళ్ళలో ఎన్నడూ అడగనివాళ్ళు అడుగుతుంటే నాకు ఒకటే అర్థమైంది. నా గిటార్ జనం గుండెలు కరిగిస్తోంది. నవ్వకండి, అప్పుడు మనస్ఫూర్తిగా అలాగే అనుకున్నాను.

ఆ ధైర్యంతోనే ప్రభాకరన్నకు ఫోన్ చేశాను. శుక్రవారం ఐదింటికి వచ్చి నా వాయింపు విని, గిటార్ జాగా ఇస్తాడో లేదో చెబుతానన్నాడు. ఆ రోజు నాలుగున్నరకే ఆంప్ బాల్కనీలో, దూది చెవుల్లో, ముక్కు తీగల మీద.

"ప్రభాకర్ వస్తున్నడు," అని గిటార్‌తో చెప్పాను. "పై చరణంల ఆయనకు శ్రుతి జారుతది. పదహారేండ్లు బేస్ గట్టిగ కొట్టి నేనే కప్పిన, ఎవ్వరికి చెప్పలే. గసొంటోడు పొమ్మనేటప్పుడు నా ముఖం గూడ సూడలే. అయినా రోజూ యాదికొస్తడు. నాకింకెవరున్నరు?"

ఎవరో భుజం తట్టారు. ప్రభాకరన్న. వెనకే ఆయాసపడుతూ ఖాలా, మెడలో టేపుతో మల్లేశం. దూది తీశాను.

"నా శ్రుతి జారుతదా సత్తీ?"

"ఎవరన్నరు?"

"నువ్వే. ఇప్పుడే. కింద గల్లీల నిలబడి విన్న."

నేను గిటార్ వంక చూశాను. సలీం భాయ్ చెప్పబోయిన ఇంకో లొల్లి అప్పుడు తెలిసింది. మైనం పట్టని పికప్ తీగల్నే కాదు, దగ్గరగా మాట్లాడితే మాటల్నీ పట్టుకుంటుంది.

"ఇరవై దినాలసంది వింటున్నం బేటా," అంది ఖాలా.

"మరి చెప్పలేదేంది?"

"చెప్తె మాట్లాడుడు బంద్ జేస్తవని."

తల దించుకుని, వచ్చిన రెండు పాటలూ వాయించాను. ప్రభాకరన్న చివరిదాకా విన్నాడు. "గిటార్‌ను గూడ బేస్ తీర్గనే కొడుతున్నవ్ సత్తీ. వేరేటోన్ని సూస్త," అన్నాడు. గుమ్మం దాకా పోయి ఆగాడు. "నిజంగనే యాదికొస్తనా?" ఈసారి నా ముఖం చూసే అడిగాడు. తలూపాను. వారానికొకసారి ఫోన్ చేస్తానన్నాడు. ఇప్పటికి రెండుసార్లు చేశాడు.

మర్నాడే పికప్‌లను మైనంలో ముంచమని సలీం భాయ్‌కి ఇచ్చాను. తిరిగొచ్చిన సాయంత్రం ఆంప్‌లోంచి గిటార్ ఒక్కటే మోగింది. అంత పెద్ద శబ్దం చేస్తూ నేనెప్పుడూ అంత ఒంటరిగా లేను. అరగంటకు మెట్ల మీంచి ఖాలా కేక వినిపించింది.

"సత్తీ, తబియత్ మంచిగలేదా? మాటలు ఇనొస్తలేవ్. ఆ పాట బంద్ జేసి కిందికి రా. దాల్ ఎట్లున్నదో నాకే చెప్పు."

అంచేత పాఠకులారా, మైనంలో మునిగిన ఆ పికప్‌ల మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఏ గిటార్‌తోనూ మాట్లాడను. చెప్పుకోవలసింది ఉంటే ఇరవై రెండు మెట్లు దిగి, మనిషి ముఖం చూసే చెబుతాను. పులుపు తగ్గించినప్పటి నుంచీ ఆ దాల్‌కు అసలు రుచే లేదు. ఆ సంగతి చెప్పడానికే మూడుసార్లు దిగాను. మూడుసార్లూ మస్తుగున్నదని చెప్పి, ఇంకో గిన్నె తాగి పైకొచ్చాను.