పది వేళ్ళ మొక్కు

మార్చి నెలలో ఇషాక్ కారం మిల్లు ముందు నిలబడాలంటే గుండె ధైర్యం చాలదు, ముక్కు ధైర్యం కావాలి. ఏడాదికి సరిపడా కారం పట్టించుకోవడానికి చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళంతా తొడిమలు తీసి ఎండబెట్టిన మిరపకాయలు మోసుకొచ్చి, కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకుని, తుమ్ముకుంటూ తిట్టుకుంటూ కూర్చుంటారు. ఆ ఘాటులోనే పెరిగిన ఇషాక్ మాత్రం తుమ్మడు.

పెదకాకాని అవతల ఆ ఊళ్ళో మిల్లు పెట్టింది అతని తండ్రి ఉస్మాన్. తాత దూదేకి పరుపులు కుట్టేవాడు. ఆ పనికి గిరాకీ పడిపోయాక తండ్రి మిరపకాయల్లోకి దిగాడు. దిగిన కొత్తల్లోనే ఎడమచేతి వేళ్ళు రెండు బెల్టులో పోగొట్టుకున్నాడు. అయినా పోయేదాకా మిల్లు వదల్లేదు.

తండ్రి పోయాక ఇషాక్ డిగ్రీ మధ్యలో ఆపేసి ఆ మర ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆ రోజు నుంచీ అతని తల్లి అమీర్‌బీకి ఒక అలవాటు. పొద్దున్నే మోటారు వేయకముందు వచ్చి, కాయలు పోసే తొట్టి అంచు మీద తన పది వేళ్ళూ ఒక్కొక్కటిగా ఆనిస్తూ పెదవులు కదుపుతుంది. ఆ తర్వాత చేతులు మొహానికి రాసుకుని, "ఇక వెయ్యరా" అంటుంది. అప్పుడుగానీ ఇతను స్విచ్చి వేయడు. ఎందుకమ్మా ఇదంతా అని ఏనాడూ అడగలేదు. తల్లులు చేసే పనులకు కారణాలడిగే కొడుకులు ఎక్కడున్నారు గనక!

సాయంత్రం ఇంకో అలవాటు. కారానికి మండే కొడుకు చేతుల్ని ఒళ్ళోకి తీసుకుని, వేలు వేలుకీ కొబ్బరినూనె రాస్తుంది. "నలభై ఏళ్ళొస్తున్నాయి మీ అబ్బాయికి, అత్తమ్మా" అని కోడలు నాజియా నవ్వినా ఆమె మానలేదు.

ఇషాక్‌కు ఒక పిచ్చి ఉంది. కథలు. మిల్లు ఖాళీగా ఉన్నప్పుడు ఎర్రగా పండిపోయిన బొటనవేలితో ఫోన్లో రాస్తుంటాడు. ఒక కథల యాప్‌లో నలుగురు కలిసి వంతులవారీగా ఓ భయానక సీరియల్ మొదలుపెట్టారు. పేరు 'మరతల్లి'. పాడుబడిన పత్తి జిన్నింగు మిల్లులో ఒక యంత్రాన్ని దేవతగా కొలిచే గుంపు, ఆ గుంపు చేతికి చిక్కిన ఒక ఇంజనీరు, అదీ కథ. మిగతా ముగ్గురూ నెత్తురు కుండలకొద్దీ పోశారు. అయినా చదివేవాళ్ళకు భయం వెయ్యలేదు.

"ఈ భక్తులు సినిమా భక్తుల్లా ఉన్నారు. యంత్రానికి మొక్కేవాళ్ళు ఎలా మొక్కుతారో రాసేవాళ్ళకే తెలీదనుకుంటా" అని ఒక పాఠకురాలు రెండు నక్షత్రాలు పడేసి పోయింది.

ఆ నలుగురినీ కూడగట్టిన చైతన్యకృష్ణ మంగళగిరిలో ఏదో ఆఫీసులో పనిచేస్తాడు. వెంటనే ఫోను చేశాడు. "ఇషాక్ గారూ, ఈసారి వంతు మీదేనండి. మీకు మిల్లుంది కదా, నిజమనిపించేది ఏదన్నా పెట్టండి. లేకపోతే మన కథ కంచికే."

ఇషాక్ ఎక్కువసేపు వెతుక్కోలేదు. పొద్దున కళ్ళముందు జరిగేదాన్నే ఎత్తి రాశాడు. కథలో మిల్లు వాకిట్లో ఒక ముసలమ్మ. మరతల్లి పూజారిణి. తెల్లారగానే వచ్చి తొట్టి అంచు మీద పది వేళ్ళూ ఒక్కొక్కటిగా ఆనించి, ఈ పదిట్లో నీకేది కావాలి తల్లీ అని అడుగుతుంది. ఆమె మొగుడి చేతికి రెండు వేళ్ళుండవు. 'మరతల్లి రుచి చూసింది ఆ రెంటినే' అని ముగించాడు. ముగించి, తన వాక్యానికి తనే మురిసిపోయాడు.

మర్నాటికి ఆ భాగం కింద పొగడ్తలు వరదలా వచ్చిపడ్డాయి. "వెన్నులో చలి పుట్టింది." "ఆ రెండు వేళ్ళ దగ్గర ఫోను పక్కన పెట్టేశాను." "ఈ రచయిత ఎవరు బాబూ, మిగతావాళ్ళు మానేసి ఈయన్నే రాయనివ్వండి." పొగడ్తకు పొంగనివాణ్ణి ఈ పుడమ్మీద ఎక్కడా చూడలేదు, ఇషాక్ అసలే కాదు. లింకును బంధువుల గ్రూపులోనూ, ఊరి గ్రూపులోనూ పెట్టాడు. చదవండి, నేను రాసిందే అని కింద రాశాడు కూడా. ఆ గంటకే కొత్త అభిప్రాయమొకటి పడింది: "ఇది మా ఊరి కారం మిల్లు అమీర్‌బీ కదా! నిజంగానే రోజూ చేస్తుంది, నేను చూశాను!" దానికి వందల మంది లైకులు కొట్టారు. ఇషాక్ కూడా ఒక గుండె బొమ్మ పెట్టాడు.

అవును, పెట్టాడు. తల్లి పేరు పక్కన గుండె బొమ్మ పెట్టి, మోటారు వేసుకోవడానికి లేచాడు. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

ఆ ఆదివారం బంధువుల పెళ్ళికి మంగళగిరి వెళ్ళిన అత్తాకోడళ్ళు భోజనాలు కాకముందే తిరిగొచ్చేశారు. అమీర్‌బీ నేరుగా లోపలికెళ్ళి పడుకుంది. నాజియా మాత్రం మొగుణ్ణి వాకిట్లోనే నిలబెట్టింది.

"అక్కడ ఆడాళ్ళంతా అత్తమ్మను చూసి గుసగుసలు. ఒకావిడైతే మొహానే అడిగింది, మరకు మొక్కుతున్నావంట, నమాజు కూడా మర ముందే చేస్తున్నావా అని. పక్కనున్నోళ్ళు నవ్వారు. ఆమె విస్తరి ముందు నుంచి లేచొచ్చేసింది. ఏం రాశారసలు మీరు?"

ఇషాక్‌కు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున అమీర్‌బీ మిల్లుకు రాలేదు. ఎప్పుడూ వచ్చే వెంకటరావమ్మ కాయల మూట దించుకుంటూ, "మీ అమ్మ ఏదయ్యా? మా మనవరాలు వీడియో తీసుకోవాలని పొద్దుటే తయారై వచ్చింది" అంది. ఆ పిల్ల అప్పటికే ఫోను ఎత్తిపట్టుకుని ఉంది. ఇషాక్ స్విచ్చి వేయకుండానే షట్టరు సగం దించి ఇంటికి నడిచాడు.

అమీర్‌బీ మంచం మీద కూర్చుని ఉంది. "ఏం రాశావో చదువు" అంది. చదివాడు. నలుగురి మెప్పు కోసం రాసిన వాక్యాలు తల్లి ముందు చదువుతుంటే ప్రతిదాని దగ్గరా తడబడ్డాడు. రెండు వేళ్ళ వాక్యం దగ్గర ఆపి, దాన్ని వదిలేసి, తర్వాతి దానికి పోబోయాడు. ఆమె కనిపెట్టింది.

"మధ్యలో ఏదో మింగావు. అదీ చదువు."

చదివాడు.

"మీ నాన్న వేళ్ళు కూడా అమ్ముకున్నావట్రా," అంది ఆమె. గొంతు పెంచలేదు. పెంచి తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. "బుద్ధెరిగినప్పటి నుంచి అల్లాకు తప్ప ఎవరికీ తలొంచలేదురా నేను. మరకు మొక్కానా? ఆ మర మీ నాన్న వేళ్ళు తీసుకుంది. నువ్వెళ్ళి దాని ముందు నిలబడ్డావు. నీ పది వేళ్ళూ నాకు తిరిగి చేర్చమని వేలికో బిస్మిల్లా చెప్పుకునేదాన్ని. పొద్దుగూకితే నూనె రాసేది మంటకనుకున్నావా? ఉన్నాయో లేదో చూసుకునేదాన్ని."

ఒక్కసారి నోరు తెరిచి అడిగి ఉంటే తెలిసేది. ఊళ్ళోవాళ్ళ అభిప్రాయాలన్నీ పొద్దస్తమానం చదువుకున్నవాడు ఇంట్లో మనిషిని ఒక్క మాట అడగలేదు. ఆ సిగ్గుకు చెవులు కాలిపోయాయి.

అక్కడే అరుగు మీద కూర్చుని తను రాసిన భాగం కిందే ఒక అభిప్రాయం రాశాడు. ఆ ముసలమ్మ మా అమ్మ. ఆమె యంత్రానికి మొక్కదు. నా చేతులు క్షేమంగా ఉండాలని దేవుణ్ణి వేడుకుంటుంది. నేను అడక్కుండా, తెలుసుకోకుండా తప్పుగా రాశాను. మా అమ్మకూ, మీ అందరికీ క్షమాపణలు. రాసింది పదిసార్లు చూసుకుని పంపాడు. గుండెల మీద బరువు కొంచెం దిగినట్టనిపించింది.

టీ తాగేలోపే జవాబులు వచ్చాయి. "అయ్య బాబోయ్, ఏం ట్విస్టు!" "రచయితే కొడుకా! ఒళ్ళు జలదరించింది." "అంటే కొడుకు కూడా ఆ గుంపులో మనిషేనన్నమాట, క్షమాపణ నాటకం, సూపర్." రెండు నక్షత్రాలిచ్చిన పాఠకురాలు వాటిని అయిదు చేసి పోయింది.

చైతన్యకృష్ణ ఫోను. "అదరగొట్టారండీ! ముందే ఒక ముక్క చెప్పుంటే బాగుండేది. తర్వాతి భాగం ఇక్కణ్ణుంచే ఎత్తుకుంటాను."

"కథ కాదండీ. ఆమె నిజంగా మా అమ్మ."

"అయ్యో," అన్నాడు చైతన్యకృష్ణ. "తీసేద్దాం లెండి. ఇప్పుడే తీసేస్తాను. కానీ ఇషాక్ గారూ, జనం ఆ భాగాన్ని ఫొటోలు తీసి అన్ని చోట్లా పంచేసుకున్నారండి. ఇక మీరేం చెప్పినా వాళ్ళకది కథే."

కాలు జారితే తీసుకోగలంగానీ నోరు జారితే తీసుకోలేమని ఇషాక్ తండ్రి ఎప్పుడూ అంటుండేవాడు. అది మాటకే కాదు, రాతకూ వర్తిస్తుందని కొడుక్కి అప్పుడు తెలిసొచ్చింది.

మధ్యాహ్నం మిల్లు తెరిచాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనిది, బెల్టు దగ్గరికి వెళ్ళాలంటే భయం వేసింది. వెంకటరావమ్మ మనవరాలు వీడియో దొరకలేదని మొహం ముడుచుకుని కూర్చుంది. ఇషాక్ ఆ పిల్లవైపు చూడలేకపోయాడు. ఆ కథ రాసి దాన్ని ఇక్కడికి రప్పించింది తనే కదా.

సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని తల్లి ముందు నేల మీద కూర్చున్నాడు. రెండు చేతులూ ముందుకు చాపాడు. ఎర్రగా, మండుతూ ఉన్నాయి. నాజియా నూనె సీసా తెచ్చి అత్త పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అమీర్‌బీ ఆ చేతులవంక చాలాసేపు చూసింది. సీసా మూత తీసింది. తీసి, ఆగి, వీధివైపు చూసింది. ఎదురింటివాళ్ళు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఎన్నేళ్ళుగానో ఈ పని ఆమె బార్లా తెరిచిన వాకిట్లోనే చేసింది, ఎవరున్నా ఎవరు లేకున్నా.

"తలుపేసి రా," అంది మెల్లగా.

ఇషాక్ లేచి వెళ్ళి తలుపు మూశాడు. తన చేత్తోనే గడియ కూడా పెట్టాడు.