వాపస్ ఇచ్చిన పసుపు చీర

పోయిన వారం మా ఆవిడకు చీర కొందామని సూరత్‌లో మేముండే భేస్తాన్ బజారుకు వెళ్తే, వీధి మొదట్లో ఉన్న పెద్ద దుకాణం సేఠ్ గద్దె మీంచి లేచి వచ్చి నాకు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, అక్కడ చీరలు చూస్తున్న ఆడవాళ్ళందరికీ నన్ను చూపిస్తూ తన సగం హిందీ, సగం గుజరాతీలో ఒక కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఒక దీపావళి ముందు చాలా రోజులు వాళ్ళ నాన్న దుకాణంలో ఒక్క చీర కూడా అమ్ముడుపోలేదట, దానికి కారణం ఈ కాకాయేనట, అంటే నేనేనట, కొన్న చీరను కూడా తెచ్చి గల్లా పక్కన పెట్టి పైసలు అడగకుండా వెళ్ళిపోయిన మొనగాడినట. మా ఆవిడ కొంగు సర్దుకుని గర్వంగా నిలబడింది. నేను చాయ్ తాగుతూ తల ఊపాను. అట్లా తల ఊపడం నాకు ముప్ఫై ఏళ్ళుగా అలవాటే. కానీ ఆ రోజు ఆ చాయ్ సగంలోనే కింద పెట్టేశాను. మాతో పాటు కరీంనగర్ వైపు నుంచి రైలెక్కి ఇక్కడికి వచ్చినవాళ్ళలో చాలామంది ఈ కథ ఇట్లాగే విని ఉంటారు. వాళ్ళు చదువుతారనే ఆశతో, జరిగింది జరిగినట్టు రాద్దామని కూర్చున్నాను.

మొదట మా చెవుల సంగతి చెప్పాలి. మరమగ్గాలను మావాళ్ళు సాంచెలంటారు. రేకుల కప్పు ఉన్న కార్ఖానాలో వరసగా సాంచెలు ఆడుతుంటే పక్కన నిలబడ్డ మనిషి మాట కూడా వినబడదు కాబట్టి, లోపల ఉన్నంతసేపు చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం. బయటికి వచ్చాక ఆ మోత చెవుల్లో ఇంకా ఆడుతూనే ఉండేది. అందువల్ల మేం మెల్లగా మాట్లాడుతున్నామనుకుంటూనే అరిచేవాళ్ళం. సెలవులకు ఊరికి పోతే, ఎదురుగా కూర్చున్న మేనమామతో ఏటి అవతల ఉన్నవాడిని పిలిచినట్టు ఎందుకు మాట్లాడతావని మా అమ్మ విసుక్కునేది. నా పరువు పోయింది కూడా ఈ అలవాటు వల్లే, ఆ సంగతి తరువాత వస్తుంది.

అప్పట్లో నేను మా అక్కా బావల దగ్గర, ఛాలీ అనే వరస గదుల ఇంట్లో ఒక గదిలో ఉండేవాడిని. బావా నేనూ ఒకే కార్ఖానాలో సాంచెలు నడిపేవాళ్ళం, అక్క ఇంటి దగ్గర దారం కండెలు చుట్టేది. వారానికి ఒక్కనాడు కార్ఖానా బంద్. ఆ రోజు సాయంత్రం ఛాలీకీ బజారుకూ మధ్య ఉన్న ఖాళీ మైదానంలో మావాళ్ళంతా చేరేవారు. రైల్లో ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వచ్చే తెలుగు పత్రికను బావ అందరికీ చదివి వినిపించేవాడు. చదువు రానివాళ్ళు ఎక్కువ, వినికిడి తగ్గినవాళ్ళు ఇంకా ఎక్కువ, అందుకని బావ చదివితే బజారు చివరిదాకా వినబడేది. వానలు, ధరలు, ఎన్నికలు, ఎక్కడో పట్టాలు తప్పిన రైలు, అన్నీ చదివేవాడు. చదవడం అయ్యాక మాటలు సాగేవి, కూలి రేట్ల గురించి, నీళ్ళ కుళాయి గురించి. ఒకసారి ఆ మాటలు బజారులోని తూకాల మీదికి మళ్ళాయి. పక్క ఊరు పల్సానాలో కొన్న పప్పుకూ ఇక్కడ కొన్న పప్పుకూ బరువులో తేడా ఎందుకుందని ఒకాయన నిలదీశాడు, ఆయన అరుపు కూడా బజారంతా విన్నది.

పెద్ద సేఠ్ అంటే, ఇప్పుడు నాకు కుర్చీ వేసినతని తండ్రి. బజారు వ్యాపారులకు ఆయనే పెద్ద, ఆ మాట ఆయనకు నచ్చలేదు. వారం తిరగకముందే వ్యాపారులంతా కలిసి, ఇక్కడ గుంపులు చేరి గొడవలు రేపుతున్నారని పోలీసు చౌకీలో ఫిర్యాదు ఇచ్చారు. మైదానంలో నలుగురికి మించి కూర్చోరాదని నోటీసు అంటించారు. బావను పొద్దున తీసుకుపోయి, దీపాలు పెట్టేవేళ దాకా బల్ల మీద కూర్చోబెట్టి, ఇంకోసారి పత్రిక చదివినట్టు తెలిస్తే లోపల వేస్తామని చెప్పి పంపారు. కొట్టలేదు, తిట్టలేదు. కానీ తిరిగి వచ్చిన మనిషి వేరు. అంత గొంతు ఉన్నవాడు ఇంట్లో ఉప్పు కావాలన్నా చేత్తో సైగ చేయడం మొదలుపెట్టాడు. సాంచెలు లేని చోట కూడా మా ఇంట్లో సైగలే మిగిలాయి.

అది చూసి తట్టుకోలేకపోయింది అక్క. ఒకరోజు కండెలు చుడుతూనే, ఆ నోటీసులో ఏముందో చదవమని నన్ను అడిగింది. గుంపుగా కూర్చోవద్దని ఉందన్నాను.

"కూసోవద్దని రాసిండ్రు, సరే. కొనాలె అని రాసిండ్రా?"

లేదన్నాను.

"మరింకేంది? కూసోము. కొనము."

నేను నవ్వాను, నవ్వానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. దీపావళికి ఇక నెల కూడా లేదు. ఇక్కడ దీపావళంటే ఏమిటో తెలిసినవాళ్ళకే ఆ మాట బరువు తెలుస్తుంది. బోనస్ చేతికి వస్తుంది, కార్ఖానాలు మూతపడతాయి, అందరం ఊరికి పోతాం. సూరత్ నుంచి వచ్చినవాడి సంచి ఎంత ఉబ్బి ఉందో ఊరంతా చూస్తుంది. చీరల ఊరి నుంచి ఒట్టి సంచితో దిగడమంటే మావాళ్ళకు తల తీసేసినట్టే. అందులోనూ ఆ ఏడే నా పెళ్ళయింది, భార్యను కాపురానికి ఇంకా తీసుకురాలేదు, మొదటి పండుగకు అత్తవారింటికి పోవాలి. ఆడవాళ్ళ పంతాలతో చౌకీలు కదలవని అక్కతో అన్నాను. ఆమె నా వైపు చూడకుండా, "నీ సంచి నువ్వు మోసుకో తమ్మీ, మా సంచులు మేం చూసుకుంటం" అంది.

నీళ్ళ కుళాయి దగ్గర ఒకరి నుంచి ఒకరికి మాట పాకింది. మర్నాటి సాయంత్రం నుంచి మా ఛాలీ ఆడవాళ్ళు బజారులోకి వచ్చారు, గుంపుగా కాదు, ఒకరి వెనక ఒకరు దూరం దూరంగా. అందరి చేతుల్లోనూ గుడ్డ సంచులు లోపలి వైపు బయటికి తిరగేసి ఉన్నాయి. ప్రతి దుకాణం ముందూ ఆగుతారు, సరుకు చూస్తారు, ధర అడుగుతారు, నమస్కారం పెట్టి ముందుకు పోతారు. ఎవరూ ఒక్క నినాదం ఇవ్వలేదు. చౌకీ నుంచి వచ్చిన జవాను ఎవరిని ఆపాలో తోచక, చివరికి తనూ ఒక దుకాణం ముందు నిలబడి గిన్నెల ధర అడిగాడు. ఉప్పూ నూనే కోసం మావాళ్ళు ఉన్ అనే పక్క ఊరి దాకా నడిచి వెళ్ళేవారు. మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మ కూడా చాయ్‌పత్తా కోసం అంత దూరం పోయి వస్తుంటే, దారిలో పెద్ద సేఠ్ "అమ్మా, మీ కాళ్ళు నొప్పి పెడతయ్ గదా" అని వచ్చీరాని తెలుగులో అన్నాడట. దానికామె, "కాళ్ళు నావే గదా సేఠ్, నీ దుక్నంల కొన్నయి గాదు" అందట. ఆ మాట కార్ఖానాలో సైగగా మారింది, కాలు తట్టి బొటనవేలు ఆడిస్తే చాలు, సాంచెల వరసంతా నవ్వేది.

మధ్యాహ్నాలు కూడా కిటకిటలాడే బజారులో ఈగలు తోలుకునే రోజులు వచ్చాయి. కొత్త చీరల కట్టలు తాళ్ళు విప్పకుండానే ఉన్నాయి. దాన్ని చూసి అందరూ పొంగిపోతున్నారు, నేను మాత్రం అత్తవారిల్లు తలుచుకుని లోలోపల కుంగిపోతున్నాను. ఒకనాడు షిఫ్టు దిగి, ఎవరూ లేని సమయం చూసి, పెద్ద సేఠ్ దుకాణం వెనక తలుపు తట్టాను. ఆయన సంతోషంగా లోపలి నుంచి చీరలు తెచ్చి చూపించాడు. జరీ అంచున్న పసుపు చీర ఎంచుకుని, చెవిలో చెప్పినట్టు బేరమాడాను. అట్లా అని నేననుకున్నాను. పొద్దుటి నుంచి సాంచెల మధ్య ఉండి వచ్చిన నా గుసగుస వెనక వీధి మొత్తానికీ వినబడింది. "ఎవరికీ చెప్పకు సేఠ్" అని నేను అన్న మాటను కుళాయి దగ్గర బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళందరూ స్పష్టంగా విన్నారు.

నేను ఇల్లు చేరేలోపే సంగతి అక్కకు తెలిసింది. బావ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన కోసమే కదా ఇంతమంది ఉన్ దాకా నడుస్తున్నది, ఆయన బామ్మర్దే పోయి కొన్నాక ఇక ఎవరిని ఆపగలం? పొద్దుటికల్లా నాలుగిళ్ళ వాళ్ళు "మీ ఇంట్లోనే కొన్నరట గదా" అని సంచులు మామూలు వైపుకు తిప్పుకోవడం నేను కళ్ళారా చూశాను. అక్క నన్ను తిట్టి ఉంటే బాగుండేది. చెయ్యి చాపి "ఇటు తే" అంది, అంతే. చీర తీసుకుని, బజారు బాగా మేలుకున్న వేళ చూసి బయలుదేరింది. నేను వెంట పోలేదు. కార్ఖానాలో దూరి సాంచె పట్టుకుని నిలబడ్డాను.

అక్కడ జరిగింది నాకు ఇతరులు చెప్పిందే. అక్క నేరుగా పెద్ద సేఠ్ గద్దె దగ్గరికి పోయి, చీరను మడత నలగకుండా గల్లా పక్కన పెట్టి, వీధంతా వినేలా అందట: "మా తమ్ముడు తెల్వక కొన్నడు. తెలిసినంక వాపస్ పంపిండు. పైసలు ఒద్దన్నడు."

నేనేమీ పంపలేదు. తెలియక కొననూ లేదు. వద్దనడానికి నేనక్కడ లేనే లేను. కానీ ఆ మాటతో తెగబోతున్న దారం మళ్ళీ ముడిపడింది. కొన్నవాడే తిరిగి ఇచ్చేశాడంటే ఇక మనమెందుకు కొనాలని తిప్పిన సంచులు మళ్ళీ తిరగేశారు. పక్క ఛాలీలవాళ్ళు, ఒడియావాళ్ళు, మరాఠీవాళ్ళు కూడా తిరగేసిన సంచులతో బజారులోకి వచ్చారు. సాయంత్రం షిఫ్టు దిగేసరికి కార్ఖానా గేటు దగ్గర నా వీపు తట్టనివాడు లేడు. నేను తల దించుకున్నాను, దాన్ని అందరూ వినయమనుకున్నారు.

బోనస్ పంచిన రోజు బజారు ఇంకా ఖాళీగానే ఉండడంతో వ్యాపారుల ఓపిక అయిపోయింది. ఫిర్యాదు ఇచ్చినవాళ్ళే చౌకీకి పోయి, మాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదని రాసి ఇచ్చి వచ్చారు. మైదానంలో నోటీసు తీసేశారు. ఆ సాయంత్రం ఛాలీలన్నీ ఖాళీ అయి మైదానం నిండింది. బావ పాత పత్రికే చేతిలో పట్టుకుని లేచి నిలబడ్డాడు, మొదటి మాటకు గొంతు పెగల్లేదు. జనం ఆగారు. రెండో మాటకు అందుకున్న గొంతు బజారు దాటి, రైలు కట్ట దాటి వినబడి ఉంటుంది. చదివింది ఏమిటో తెలుసా, వారం కిందటి వాన కబురు. దానికే ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు, మగవాళ్ళు ఈలలు వేశారు. అట్లాంటి వాన కబురు నేను మళ్ళీ వినలేదు. చదవడం కాగానే అందరూ సంచులు సరిగ్గా తిప్పుకుని బజారు మీద పడ్డారు. ఆ ఒక్క సాయంత్రం నెల రోజుల వ్యాపారం జరిగింది. తూకం రాళ్ళు కూడా ఎవరూ అడగకుండానే మారాయి.

పెద్ద సేఠ్ ఆ పసుపు చీరను తీసి అక్క ముందు పెట్టాడు. అక్క పక్కకు జరిపింది. "వాపస్ ఇచ్చింది మళ్ళ పట్కపోతే మా తమ్ముని ఇజ్జత్ ఏం గావాలె సేఠ్? గా ఆకుపచ్చది ఇయ్యి" అని తన డబ్బుతో వేరే చీర కొని నా సంచిలో పెట్టింది. లేని నా ఇజ్జత్‌ను ఆమె అట్లా చివరిదాకా మోసింది. నేను దాన్ని అప్పటి నుంచి ఇప్పటిదాకా కట్టుకుని తిరుగుతున్నాను.

పోయిన వారం దుకాణం నుంచి వచ్చాక ఇదంతా మా ఆవిడతో చెప్పాను. ఆమె కూర కలియబెడుతూ, "నాకు పసుపు రంగంటెనే పానం. గా ఆకుపచ్చది ఇన్నేండ్లు నీ ముచ్చట కోసమే కట్టిన" అంది.

నిన్న ఇంతవరకు రాసిన కాగితాలు తీసుకుని అక్కా బావలను మైదానం అంచున సిమెంటు అరుగు మీద కూర్చోబెట్టి చదవడం మొదలుపెట్టాను. అక్క చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంది తమ్మీ, గట్ల గునుగుతవు? చీర బేరమాడినట్టు జర గట్టిగ సదువు" అంది. బావ పకపకా నవ్వాడు. గట్టిగా చదివాను. వెనక తలుపు తట్టిన సంగతి దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా దుకాణం మెట్ల మీదికి సేఠ్ వచ్చి నిలబడ్డాడు, మా భాష అతనికి బాగానే అర్థమవుతుంది. నేను ఆపలేదు. అయిపోయాక అతను నా వైపు చూడకుండా లోపలికి పోయి, పోయిన వారం నాకు వేయించిన ఆ కుర్చీ తనే మోసుకొచ్చి అక్క ముందు వేశాడు.

"ఇప్పుడా? ఉన్ దాక నడిచిననాడు వేయకపోతివి బిడ్డా" అని అక్క నవ్వి, కూర్చుంది.

ఆ కుర్చీ పక్కన నిలబడి చుట్టూ చూశాను. ఇక్కడ కూర్చోవద్దని ఇప్పుడు ఎవరూ నోటీసు పెట్టరు, మేం గెలిచిన చోటు ఇంకా మా చేతిలోనే ఉంది. కానీ సగం మైదానంలో బళ్ళు నిలిపి ఉన్నాయి, మిగతా సగంలో పిల్లలు ఎవరి ఫోన్లు వాళ్ళు చూసుకుంటున్నారు. సరుకులు గడప దగ్గరికే వస్తున్నాయి, ఎవరు ఏం కొన్నారో, ఎవరు ఏం మానుకున్నారో పక్కింటికి కూడా తెలియదు. ఇవాళ మా అక్క సంచి తిరగేసి పట్టుకుని బయలుదేరితే, అది తిరగేసి ఉందని చూసేదెవరా అని అనిపించింది. అంతలో బావ నా చేతిలోంచి కాగితాలు లాక్కుని, కళ్ళద్దాలు సర్దుకుని, మొదటి నుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు. ఫోన్లు చూసుకుంటున్న పిల్లలు ఉలిక్కిపడి తలలెత్తారు.