నీళ్ళలో తేలిన పిండి

నా చిన్నప్పుడు మా పెద్దమ్మ ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అమ్మ పోయాక అక్కడ చేరినదాన్ని. పెట్టిన తిండికి సరిపడా పని చేయించుకోవడం ఒక్కటే ఆమెకు తెలుసు. ఒక పెద్దల పండుగనాడు వడలకు నానబెట్టిన మినప్పప్పు నా ముందు పెట్టి రుబ్బమంది. చేతులు లాగేస్తుంటే మధ్యలో ఆపి, అయిపోయిందని అబద్ధం చెప్పాను. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి చిటికెడు పిండి అందులో వేసింది. అది నేరుగా అడుక్కు పోయింది. నా చెంప చెళ్ళుమంది.

"నీ నోరు అబద్ధం చెప్తాది, నీళ్ళు చెప్పవే. తేలేదాకా రుబ్బు!"

రుబ్బాను. చివరికి పిండి చెంబులో తెల్లగా తేలింది. ఆ రోజు వడల్లో నాకు ఒక్కటి కూడా పెట్టలేదు.

ఆ చెంబు మళ్ళీ గుర్తొచ్చింది ఖతార్‌లో, అల్ ఘర్రాఫాలో నేను పనిచేసే విల్లాలో. మా మేడం పోర్చుగల్‌లో తిన్నదట, ఈస్టు వేసి పులియబెట్టిన మైదాపిండిని నూనెలో వేయించి పంచదారలో దొర్లించే మెత్తటి డోనట్లు. చుట్టాలు వస్తున్నారు, అవే కావాలంది. ఆమె చెప్పిన కొలతలు మా వంటక్క కాగితం మీద తెలుగులో రాసుకుంది. వంటక్కది గోదావరి వైపు. నేను వచ్చిన రోజు నుంచీ ఆమెకు నేను కంట్లో నలుసునే.

పిండి కలిపి గంట కాగానే మూకుడు పెట్టింది. ఏసీ చల్లదనానికి పిండి ముడుచుకుని కూర్చుంది. గ్లాసు నీళ్ళలో ఒక ముద్ద వేశాను. మునిగింది.

"అక్కా, ఇంకా పొంగలేదు."

"కాగితంలో గంటనుంది. అక్షరం ముక్క రాదుగానీ నాకు పాఠాలా? ఇవి చెడ్డాయంటే నీ పేరే చెప్తాను. రేపు నువ్వు విమానమెక్కడమే!"

అన్నంత పనీ చేస్తుందని నాకు తెలుసు. ఆమె సగం పిండి వేయించేలోగా మిగతా సగాన్ని గిన్నెతో ఎత్తుకుని పెరటి వసారాలో వేడికి పెట్టి, పక్కనే నిలబడ్డాను. లోపల ఆమెవి పైన మాడి, విరిస్తే నడుమ పచ్చిగా సాగాయి. బయట నా గ్లాసులో ముద్ద తేలింది.

మేడం నేను వేయించినవే వడ్డించుకుంది. నన్ను పంపించే మాట మళ్ళీ రాలేదు. వంటక్క మాత్రం నా గ్లాసు కనపడితే చాలు, సింకులో వంపేస్తుంది.

నాకు యాభై దాటాక, పక్క విల్లాలో పనిచేసే కడప పిల్ల శుక్రవారాల్లో నాచేత అక్షరాలు దిద్దించింది. కూడబలుక్కుని మొదట చదివింది వంటక్క రాసుకున్న ఆ కాగితాన్నే. మైదా ఉంది, పాలు ఉన్నాయి, గంట ఉంది. నీళ్ళ మాట లేదు. అడుగున పెన్సిలుతో వంకరగా రాశాను: "చిటికెడు పిండి నీళ్ళలో వెయ్యాలి. తేలాలి."

మా పెద్దమ్మను నేను క్షమించలేదు. చెంపదెబ్బ సంగతి కాగితం మీద పెట్టలేదు, అది నా దగ్గరే ఉంది. పొయ్యి దగ్గరికి వెళ్ళే ముందు గ్లాసు నింపుకున్నప్పుడల్లా చెంప కాస్త వేడెక్కుతుంది.